కార్తె ఒకటే, వాన వేరు

కొత్త ఊళ్ళో పెరడు వేసేవాళ్ళు ముందుగా విత్తనాల గురించి ఆలోచిస్తారు. తెలీబంధాలో ముందు ఆలోచించవలసింది నెలల గురించి. రాయ్‌పూర్‌లో జీఈ రోడ్డు మీదున్న ఈ పేటకు కోస్తా నుంచి వచ్చిన తెలుగు కుటుంబం వెంట తెచ్చుకునే కూరమొక్కల్లో ఇక్కడ బతకనిదంటూ దాదాపు లేదు. గోంగూర వస్తుంది, బచ్చలి పాకుతుంది, దొండ పందిరి ఎక్కుతుంది, చిక్కుడు కాస్తుంది. తేడా అంతా అవి ఎప్పుడు వస్తాయన్న దగ్గరే. పాత ఊరి లెక్కన మేలో విత్తి, అక్టోబరులో వానకు భయపడి ఆగి, జనవరిలో ఎరువు పోసిన పెరడు మొదటి ఏడాది నష్టపోక తప్పదు. తప్పు చేసినవాడికి తప్పెక్కడుందో కూడా తెలియదు. మట్టిని తిడతాడు, లేదా విత్తనాలమ్మిన కొట్టువాణ్ణి.

పేరులో తెలీ అంటే నూనె గానుగ ఆడేవాళ్ళు, మన తెలికలవాళ్ళ వంటివాళ్ళు. బంధా అంటే గట్టు కట్టిన చెరువు. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. చుట్టూ నడకదారి వేసి, దీపాలు పెట్టి, మెరైన్ డ్రైవ్ అని పిలుస్తున్నారు. సముద్రం ఊసే లేని ఊళ్ళో ఆ పేరు వింటే విశాఖవాళ్ళకు నవ్వు రావడం సహజం. ఒకప్పుడు ధమ్‌తరి వెళ్ళే బుల్లి రైలు ఈ పేట మీదుగా పోయేది. ఆ పట్టాలు పీకేసి ఎక్స్‌ప్రెస్ వే వేశారు. తెలుగువాళ్ళు ఇటు రావడానికి కూడా రైలే కారణం. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపే మార్గం 1931లో పూర్తయింది. 1959 ఫిబ్రవరిలో పక్కనే భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. రైల్వే, ఉక్కు, కాంట్రాక్టు, వ్యాపారం, ఆ తర్వాత బ్యాంకు బదిలీలు, ఇలా ఒక్కో తరం ఒక్కో దారిన వచ్చింది. వచ్చినవాళ్ళకు ఇంటి పక్కన మూడు నాలుగు అడుగుల మట్టి, వెనక కాస్త ఖాళీ, పైన డాబా దొరుకుతాయి. ఈ వ్యాసంలో పెరడంటే ఆ కొలతే.

రాయ్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. బంగాళాఖాతం సూటిగా కొలిచినా 400 కిలోమీటర్ల దూరం. తేడాలన్నిటికీ మూలం ఆ దూరమే. సముద్రం పగటి వేడిని తనలో దాచుకుని మెల్లగా వదులుతుంది కాబట్టి కాకినాడలో ఎండకూ చలికీ ఒక హద్దు ఉంటుంది. ఇక్కడ ఆ కాపలా లేదు. మే నెలలో పగలు 42 డిగ్రీలు దాటడం మామూలే. జనవరిలో 10 కంటే కిందికి దిగే రాత్రులుంటాయి. ఆ రోజుల్లో విశాఖలో తెల్లవారుజామున కూడా 18 దాకా ఉంటుంది. కోస్తా ఎండ చెమట పట్టిస్తుంది, రాయ్‌పూర్ ఎండ చెమట పట్టకముందే ఆరబెట్టేస్తుంది. ఉతికి ఆరేసిన చొక్కా ఎంతసేపట్లో గట్టిపడుతుందో చూస్తే కుండీలో మట్టి సంగతి చెప్పనక్కర్లేదు.

వాన లెక్క మరీ చిక్కు. ఏడాది మొత్తం చూస్తే రాయ్‌పూర్‌కూ కోస్తాకూ పెద్ద తేడా కనిపించదు. ఇక్కడ సుమారు 1,200 మిల్లీమీటర్లు, అక్కడా ఇంచుమించు అంతే. మొత్తం చూసుకుని ధైర్యపడేవాళ్ళే ఎక్కువ మోసపోతారు. ఇక్కడి వాన జూన్ మధ్యలో మొదలై జులై, ఆగస్టుల్లో కుమ్మరించి, సెప్టెంబరు చివరికి చేతులు దులుపుకుంటుంది. కోస్తాలో ఆ తర్వాత ఈశాన్య రుతుపవనం, వాయుగుండాలు ఉంటాయి. విశాఖలో ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడే నెలల్లో అక్టోబరు ఒకటి. దీపావళికి టపాకాయలు నానిపోయాయని బాధపడే పిల్లలు అక్కడివాళ్ళు. రాయ్‌పూర్‌లో దీపావళికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది.

ఇది కార్తెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. కార్తె సూర్యుణ్ణి బట్టి నడిచే లెక్క కాబట్టి ఊరు మారినా తేదీ మారదు. మే 25 ప్రాంతంలో సూర్యుడు రోహిణిలో ప్రవేశిస్తాడు. రోళ్ళు పగిలే ఎండలని మనవాళ్ళు అనేది అప్పుడే. ఛత్తీస్‌గఢ్‌లో అదే రోజు నుంచి తొమ్మిది రోజులను నౌతపా అంటారు. పేరు వేరు, నక్షత్రం ఒకటే, ఎండ మాత్రం ఇక్కడ నాలుగు మెట్లు పైన. జూన్ 8 ప్రాంతపు మృగశిర దాకా రెండు లెక్కలూ కలిసే నడుస్తాయి. విడిపోయేది అక్టోబరు చివర, స్వాతి దగ్గర. స్వాతి, విశాఖ కార్తెల్లో వాన పడుతుందన్నది గోదావరి రైతు ఎముకల్లో ఉన్న జ్ఞానం. ఆ రోజుల్లో నారు పోస్తే కుళ్ళిపోతుందని ఆగుతాడు. తెలీబంధాలో అదే స్వాతి కార్తెలో ఆగినవాడు ఏడాదిలోకెల్లా మంచి పదిహేను రోజులు పోగొట్టుకుంటాడు.

చాంద్రమాసాల తిరకాసు ఇంకొకటి. తెలుగువాళ్ళకు నెల అమావాస్యతో ముగుస్తుంది, ఇక్కడివాళ్ళకు పున్నమితో. అందుకని శుక్లపక్షంలో ఇద్దరి నెలా ఒకటే, కృష్ణపక్షంలో వీళ్ళు ఒక నెల ముందుంటారు. పక్కింటి ముసలాయన సావన్ అమావాస్య నాటికి విత్తనాలన్నీ మట్టిలో పడాలన్నాడనుకుందాం. తెలుగు పంచాంగం తిరగేసి శ్రావణ బహుళ అమావాస్య కోసం చూస్తే సరిగ్గా నెల రోజుల ఆలస్యం. ఆయన చెప్పింది హరేలీ పండగ, మన ఆషాఢ బహుళ అమావాస్య. ఆ రోజు నాగళ్ళు, పారలు కడిగి పూజ చేస్తారు, గుమ్మాలకు వేపరెమ్మలు కడతారు, పిల్లలు గేడీ అనే కర్రకాళ్ళెక్కి తిరుగుతారు. దాని తర్వాతి అమావాస్య వాళ్ళకు భాదోంలో పోలా, మనకు శ్రావణంలో పోలాల అమావాస్య. ఇక్కడ మట్టి ఎద్దులకు పూజ, మన ఇళ్ళలో కందమొక్కకు పూజ. ఒకే రోజున రెండు ప్రాంతాలు దాదాపు ఒకే పేరుతో చేసుకునే పండగకు నెల పేర్లు మాత్రం కలవవు.

కాబట్టి మొదటి ఏడాది పారకన్నా నోటుపుస్తకం ఎక్కువ పనిచేస్తుంది. ఇది కొత్త సలహా కాదు. విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఉంటూ మొక్కల ప్రయోగాలు చేశాడు. మలబారు వానల్లో పెరిగే మిరియాన్ని గోదావరి మైదానంలో పండించాలని చూశాడు. వాతావరణాన్ని క్రమం తప్పకుండా రాసిపెట్టుకునే అలవాటు కూడా ఆయనకుంది. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు. మిరియం మైదానంలో పంటగా నిలవలేదు, ఆయన రాతలు మాత్రం శాస్త్రానికి మిగిలాయి. తెలీబంధా పెరట్లో అంత అవసరం లేదు. గోడ నీడ ఏ నెలలో ఎక్కడిదాకా పడుతుంది, వాననీరు ఎక్కడ నిలుస్తుంది, తెల్లవారి చలి ఏ తేదీన మొదలైంది, ఇవి రాసుకుంటే చాలు. ఆ పుస్తకం రెండో ఏడు ఏ నిపుణుడి కన్నా ఎక్కువ చెబుతుంది.

నేల సంగతికొస్తే, ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలను నాలుగు పేర్లతో పిలుస్తారు. రాళ్ళూ గులకా కలిసిన ఎర్రనేల భాఠా. పసుపుగా, తేలిగ్గా ఉండేది మటాసీ. నల్లరేగడి కన్హార్. మటాసీకీ కన్హార్‌కూ నడుమ ఉండేది డోర్సా. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా తమ పుస్తకాల్లో ఈ పేర్లే వాడుకుంటారు. 1987లో రాయ్‌పూర్‌లో ఏర్పడ్డ ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం సలహాల్లో కూడా ఇవి కనిపిస్తాయి. ఇంటి పెరట్లో మాత్రం పై అడుగు మట్టి ఈ నాలుగింటిలో ఏదీ కాకపోవచ్చు. ఇల్లు కట్టినప్పుడు పునాది లేపడానికి పోసిన మొరం, సిమెంటు పెచ్చులు, ఇటుక ముక్కలు, ఒక్కోసారి మేస్త్రీలు పారేసిన గుట్కా పొట్లాలు. దాని కింద అసలు నేల ఉంటుంది.

అది ఏదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. అడుగున్నర లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి, రాళ్ళేరి, నీళ్ళు చిలకరించి చపాతీ పిండిలా పిసకాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నెమ్మదిగా ముందుకు నొక్కితే పట్టీలా సాగుతుంది. గోరంత సాగి విరిగిపోతే మటాసీ వైపు. చూపుడువేలంత పొడుగు సాగి, వేలికి నిగనిగలాడే పూత అంటుకుని, కడిగినా గోళ్ళ సందున నల్లగా మిగిలితే కన్హార్. అసలు ముద్దే కట్టక పలుకులుగా రాలితే భాఠా. కన్హార్ ఎండాకాలంలో వేళ్ళు దూరేంత బీటలిస్తుంది, వానాకాలంలో చెప్పు ఊడదీస్తుంది. అందులో టమాటా, మిరప, కరివేపాకు నేల మీద నాటితే జులైలో వేళ్ళకు గాలాడక చస్తాయి. జానెడు ఎత్తున మడిగట్టు వేసి నాటాలి. భాఠాలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. గుంట తీసి, అందులో ఎరువూ బంకమట్టీ నింపి, నేలకు కాస్త దిగువగా నాటితే తప్ప తడి నిలవదు. పక్కపక్క ఇళ్ళలో ఒకరు ఎత్తుగా, ఒకరు పల్లంగా నాటి ఇద్దరూ సరైన పని చేసివుండవచ్చు.

నీళ్ళలో కనబడని చిక్కు ఉంది. రాయ్‌పూర్ కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. బలౌదాబజార్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దాని కోసమే. బోరునీళ్ళలో ఆ సున్నం కరిగి ఉంటుంది. కుండీ అంచున, గొట్టం మూతి దగ్గర తెల్లని చారికగా కనిపించేది అదే. రోజూ ఆ నీళ్ళే పోస్తుంటే మట్టిలో క్షారం పెరిగి, ఇనుము ఉన్నా వేళ్ళకు అందదు. ముందుగా తెలిసేది మల్లెకూ, కరివేపాకుకూ, నిమ్మకూ. కొత్త చిగురు పచ్చగా రాకుండా లేత పసుపుగా వస్తుంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, బొమ్మ గీసినట్టు మిగులుతాయి. ముదురాకులు బాగానే ఉంటాయి. ఎరువు చాల్లేదనుకుని యూరియా వేస్తే మొక్క ఇంకా ఏడుస్తుంది. కావలసింది వాననీరు, మాగిన ఆకుల ఎరువు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైగా నీళ్ళు దిగుతాయి. అదంతా పట్టుకోలేకపోయినా రెండు డ్రమ్ములు నింపి, ఆ మూడు రకాల మొక్కలకూ విడిగా దాచితే చిగురు తిరిగి పచ్చబడుతుంది.

ఇక పని ఎప్పుడు మొదలుపెట్టాలి? బదిలీలు ఎక్కువగా ఎండాకాలంలో, బళ్ళు మూసిన తర్వాత జరుగుతాయి. సామాను దించిన వారానికే నర్సరీకి పరుగెత్తడం అందరూ చేసే పని. సరిగ్గా నౌతపాలో నాటిన మొక్కల్లో పది రోజులకు సగం కూడా మిగలవు, మనసు విరిగిపోతుంది. జూన్ దాకా ఓపిక పట్టడం మంచిది. వాన పడగానే కూరల జోలికి పోకుండా ఖాళీ నేలంతా జనుము గానీ జీలుగ గానీ చల్లి, నలభై అయిదు రోజులకు పూతకు ముందు కోసి మట్టిలో కలిపేయాలి. మొరం పోసిన నేలకు ఇంతకు మించిన మందు లేదు. ఈలోగా గట్టు మీద గోంగూర, తోటకూర నాలుగు గింజలు పడేసుకుంటే వంటింటి సరదా తీరుతుంది. అసలు తోట అక్టోబరులో పుడుతుంది.

స్వాతి కార్తెకు వంగ, టమాటా, మిరప నారు నాటుకోవాలి. మెంతి, పాలకూర, ముల్లంగి, క్యారట్ గింజలు నేరుగా చల్లుకోవాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్ కోస్తా పెరట్లో రావాలంటే చాలా పాట్లు పడాలి. ఇక్కడ మామూలుగా కాస్తాయి. పచ్చి బఠాణీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మార్కెట్లో కొనడమే తప్ప తీగ మీద చూడని తెలుగింటి పిల్లలకు, డిసెంబరు పొద్దున్న మంచు తడితో ఉన్న కాయ తెంపి అక్కడే ఒలిచి తినడం ఈ ఊరు ఇచ్చే కానుక. నవంబరు 1 ఛత్తీస్‌గఢ్ అవతరణ దినం, ఆంధ్రప్రదేశ్‌ది కూడా అదే తేదీ. రెండో విడత విత్తనాలకు ఆ రోజు అనుకూలం.

ఇదే చలికి కోస్తా మొక్కలు ముడుచుకుంటాయి. బచ్చలి తీగ కొసలు డిసెంబరు చివర నల్లబడతాయి, ఆకు దళసరెక్కి వంకర తిరుగుతుంది. దొండ ఆకు రాల్చి తాడులా మిగులుతుంది. కరివేపాకు మొక్కకు రెండు నెలలు ఒక్క చిగురు కూడా రాదు; కింది ఆకులు పసుపెక్కి రాలుతాయి. చచ్చిపోయిందనుకుని రోజూ నీళ్ళు పోస్తే నిజంగానే చస్తుంది. చలిలో అది నిద్రపోతోంది, నీరు తాగదు. వారానికోసారి చెంబుడు చాలు. ఫిబ్రవరి చివర కణుపుల దగ్గర గోధుమరంగు మొటిమలు పొడుచుకొస్తాయి, అప్పుడు ఎరువు వేయాలి. కొబ్బరి పెట్టాలన్న కోరికను మాత్రం చంపుకోవడమే నయం. బస్తర్‌లో కొండగావ్ దగ్గర కొబ్బరి అభివృద్ధి బోర్డు క్షేత్రం నడుస్తోంది కానీ, తెలీబంధా ఇంటి పక్కన మూడడుగుల సందులో చలికీ వడగాలికీ నడుమ నిలబడ్డ కొబ్బరి ఆ ఇంటివాళ్ళ కన్నా ఎక్కువ ఊరి మీద బెంగ పెట్టుకున్నట్టు కనిపిస్తుంది.

మార్చి మధ్య నుంచి తోటను పెంచడం ఆపి కాపాడడం మొదలవుతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి దెబ్బతింటుంది. పువ్వు పూసి, ఎండి, కాడతో సహా రాలిపోతుంది. మందులు కొట్టి ప్రయోజనం లేదు. ఏప్రిల్లో టమాటాను పీకేయడానికి మనసొప్పాలి. ఎండలో నిలబడేవి బెండ, గోరుచిక్కుడు, బొబ్బర్లు, బీర, సొర. వాటికీ పడమటి ఎండ తగలకుండా సగం ఎండను ఆపే పచ్చ షేడ్‌నెట్ కట్టాలి, మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి నాలుగు వేళ్ళ మందాన పరవాలి. రాయ్‌పూర్ వరి దేశం కాబట్టి గడ్డికి కరువు లేదు. దాన్ని ఇక్కడ పైరా అంటారు. తెలుగులో పైరంటే పొలంలో పచ్చగా నిలబడ్డది, ఇక్కడ పైరా అంటే కోసి ఎండినది. గడ్డి బండివాడితో మొదటిసారి మాట్లాడేటప్పుడు ఇది తెలిసి ఉండడం మేలు. ఎర్రనేలల్లో గడ్డికి చెదలు పడతాయి. మొక్క మొదలుకు అంటకుండా జానెడు వదిలి పరిచి, వేపపిండి చల్లితే కొంత ఆగుతాయి. డాబా మీద నల్ల ప్లాస్టిక్ సంచులు వాడడం ఈ ఊళ్ళో పొరపాటు. స్లాబు కింది నుంచి, సంచి పక్కల నుంచి కాలి, మధ్యాహ్నానికి వేళ్ళు ఉడుకుతాయి. మందపాటి మట్టికుండీకి సున్నం పూసి, కింద రెండు ఇటుకలు పెడితే సరిపోతుంది.

జూన్‌లో వాన వచ్చాక పని సులువు, కలుపు ఎక్కువ. పాదుల మీద పండు ఈగ వాలి పిందెలను పుచ్చిస్తుంది, అంతే.

మొక్కలకు పేర్లు కూడా మళ్ళీ నేర్చుకోవాలి. శాస్త్రీ బజార్‌లో గోంగూర అని అడిగితే తల అడ్డంగా ఊపిన ఆడమనిషి గంపలోనే అమారీ భాజీ పేరుతో అది ఉంటుంది. ఆకు చూపించి, నాలుక మీద పెట్టుకుని పులుపు పరీక్షిస్తే గానీ నమ్మకం కుదరదు. టమాటా ఇక్కడ పతాల్. మనకు పాతాళం గుర్తొస్తుంది, పండేది మాత్రం నేల పైనే. బెండ రమ్‌కేలియా, చామదుంప కోచఈ, బూడిదగుమ్మడి రఖియా, సొర తూమా. వంకాయ భాంటా, రాళ్ళనేల భాఠా. ఈ రెండూ కలగాపులగం చేసి భాఠాలో భాంటా వేశానంటే పక్కింటివాళ్ళు రెండుసార్లు అడుగుతారు. మునగ మాత్రం ముంగా. దాని ఆకును మనకన్నా వీళ్ళే ఎక్కువ తింటారు.

ఆకుకూరల విషయంలో ఛత్తీస్‌గఢ్ ముందు తెలుగువాళ్ళు తలవంచాలి. ముప్ఫైఆరు రకాల భాజీలని గర్వంగా చెప్పుకుంటారు, లెక్కపెడితే ఇంకా ఎక్కువే తేలవచ్చు. బచ్చలి పోయీ, ఎర్ర తోటకూర లాల్ భాజీ, చెరువుల్లో పెరిగే తూటికూర కర్మతా, ఇవి మనవే. గోనెనార తీసే జూట్ మొక్క లేత ఆకు చేంచ్ భాజీ. శనగ మొక్క తలలు తుంచి చనా భాజీ, చిలగడదుంప తీగ ఆకు కాందా భాజీ, కుసుమ ఆకు కుసుమ భాజీ. బోహార్ భాజీ అయితే విరిగిచెట్టు మొగ్గలూ లేతాకులూ. ఏడాదిలో కొద్ది రోజులే దొరుకుతుంది, ధర వింటే కళ్ళు తిరుగుతాయి. మనం పాదులో కాయ కోసి తీగను పారేస్తాం, వీళ్ళు తీగ కొసను ముందు తింటారు. కొత్త పెరటికి ఇందులో పెద్ద ఊరట ఉంది. కాయ కాయడానికి మూడు నెలలు పడుతుంది, ఆకు మూడు వారాల్లో గిన్నెలో పడుతుంది. మొదటి అక్టోబరులో శనగలు గుప్పెడు చల్లుకుంటే చాలు, నవంబరు చివర తలలు తుంచవచ్చు. తుంచిన కొద్దీ కొమ్మలేస్తుంది.

ఇక్కడివాళ్ళు ఇంటి తోటను బారీ అంటారు. మన పెరడు ఇంటి వెనక దాక్కుంటుంది, వంటింటి నీళ్ళు తాగి బతుకుతుంది. బారీకి ముళ్ళకంపో మట్టిగోడో కట్టి, ఇంటికి తిన్నంత తిని మిగిలింది సంతకు పంపుతారు. మరార్ కులంవాళ్ళు తరతరాలుగా ఈ పనిలో ఆరితేరినవాళ్ళు. పేడ, ఊడ్చిన చెత్త పోసే గుంటను ఘురవా అంటారు, మన పెంటగుంటే. కొన్నేళ్ళ క్రితం రాష్ట్ర ప్రభుత్వం వాగు, పశువు, ఎరువుగుంట, తోట నాలుగింటినీ కలిపి నరవా, గరువా, ఘురవా, బారీ పేరుతో ఒక కార్యక్రమం నడిపింది. కాలనీ ఇంట్లో వాగూ పశువూ ఉండవు. ఘురవాకు మాత్రం ఓ మూల రెండడుగులు ఇవ్వవచ్చు. చలికాలంలో అది కుళ్ళడం మందగిస్తుంది కాబట్టి దసరాకు ముందే నింపి మూత వేస్తే వేసవి నాటికి నల్లగా మాగుతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కానీ, కొత్త ఊళ్ళో పక్కింటి బారీని మించిన వైద్యుడు లేడు. అక్కడ ఈ వారం ఏం విత్తారో గోడ మీంచి చూడడమే పంచాంగం.

ఊరి నుంచి తెచ్చుకున్న విత్తనాలు రెండు మూడు తరాలు ఇక్కడే కట్టుకోవాలి. గోంగూర, చిక్కుడు పొద్దు తగ్గితే పూతకొచ్చే మొక్కలు. ఏ నెలలో విత్తినా దసరా దాటాక పూత వైపే చూస్తాయి. గోంగూరను ఆకు కోసం జూన్‌లో విత్తి, నాలుగు మంచి మొక్కలను కోయకుండా వదిలేస్తే డిసెంబరులో కాయలు ఎండి గలగలలాడతాయి. చలికి తట్టుకుని ఆలస్యంగా ముదిరిన మొక్క గింజనే దాచుకోవడం తెలివి. కంద సంగతి వేరు. పోలాల అమావాస్యకు పూజించడానికి ఆకు గొడుగు విప్పి నిలబడాలంటే పిలకను మే చివరలోపు నీడలో నాటుకోవాలి, ఎందుకంటే మొలకకు నెల పైనే పడుతుంది. చలికి ఆకు వాలిపోయాక దుంప తవ్వుకోవచ్చు, కళ్ళున్న ముక్క మళ్ళీ ఇసుకలో దాచుకోవచ్చు. బజారులో జిమీకంద్ అని అడిగితే విత్తనపు దుంప దొరుకుతుంది.

బూడిదగుమ్మడి తీగ డాబా పిట్టగోడెక్కి నవంబరులో కాయలు బూడిద పూసుకుంటాయి. కోస్తాలో వడియాలు ఎండల పని, మాఘం దాటాక. ఇక్కడ రఖియా తురిమి మినప్పిండితో కలిపి బరీలు పెట్టేది చలికాలంలోనే. బారీలో కాసినదే బరీ అవుతుంది. దీర్ఘం తీస్తే తోట, తీయకపోతే వడియం. మన వడియంలో పచ్చిమిర్చీ ఇంగువా పడతాయి, మిగతా పద్ధతి అంతా అదే. డిసెంబరు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నాలుగు రోజుల్లో గలగలమంటాయి. సాయంత్రం అయిదుకల్లా చాప లోపలికి తేవాలి, లేకపోతే రాత్రి మంచుకు మెత్తబడతాయి.